చెంచా మాట, సీసా మాట

"చెంచాలో నుంచి పాలు ఎట్లా పడినాయి?" అని మూడోసారి అడిగింది వినోదిని.

"ఎన్నిసార్లు అడిగినా అదే కదక్కా చెప్పేది," అంది సెల్వి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ధారగా కారలేదు. మెల్లిగా, బరువుగా జారినాయి. సిరంజి పరీక్ష కూడా చేసినా. సూది లేని సిరంజిలో నింపి, పది లెక్కపెట్టినా. సగం లోపలే నిలిచింది. సగం నిలిస్తే సరి అని డాక్టరమ్మ చెప్పింది. అట్లా నిలవకుంటే నేను సీసాకే పోయను."

"మరి బిడ్డ నోట్లోకి పోయింది నీళ్ళు కదా?"

"అదే నాకూ అర్థం కాలే."

వినోదిని తల ఊపింది. సెల్వి అబద్ధం ఆడుతున్నట్టు ఆమెకు అనిపించలేదు. అలాగని ఆస్పత్రి డాక్టరు అబద్ధం ఆడాల్సిన పనీ లేదు. నిన్న పొద్దున సీసాలో మిగిలిన పాలు నీళ్ళలా పలచగా ఉన్నాయని ఆమె కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారంటే మధ్యలో ఏదో జరిగి ఉండాలి. ఆ మధ్య ఏమిటన్నది తేలేదాకా వినోదినికి కాఫీ కూడా సయించదు. పొద్దున మదురైలో బస్సెక్కినప్పటి నుంచి ఆమె తాగింది ఒక సోడా మాత్రమే.

ఆమె మదురైలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. పెళ్ళి సంబంధాల ఆరాలు, మిల్లుల్లో మాయమయ్యే నూలు బేళ్ళు, అలాంటివే ఎక్కువ. పుట్టింది రాజపాళయంలోనే కాబట్టి ఇక్కడి మాట, ఇక్కడి మనుషుల మొండితనం రెండూ ఆమెకు బాగా తెలుసు. పాలు ఎంత చిక్కగా ఉన్నాయన్న కేసు మాత్రం ఇదే మొదలు. పిలిపించింది బిడ్డ తల్లి వేదనాయకి.

బిడ్డ పేరు యువశ్రీ. ఏడో నెల. పుట్టుక నుంచీ మింగడంలో చిక్కు ఉంది. పలచటి పాలు నోట్లో పడగానే, గొంతు సర్దుకునేలోపే జారిపోయి ఊపిరిగొట్టంలోకి దారి తీస్తాయి. మామూలు బిడ్డకు పొలమారితే నాలుగు దగ్గులతో పోతుంది. ఈ బిడ్డకు పొలమారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని డబ్బా పాలలో బియ్యంతో చేసిన పొడి కలిపి చిక్కగా చేసి పట్టమన్నారు. చిక్కటి పాలు నెమ్మదిగా నడుస్తాయి, గొంతుకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ పని కోసమే సెల్విని పెట్టుకున్నారు. ఆమె ఆ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచి బిడ్డ ఒక్కసారి కూడా గట్టిగా దగ్గలేదు. నిన్న పొద్దున మాత్రం పెదాలు నీలంగా మారేదాకా వచ్చింది. ఆస్పత్రిలో ఊపిరి నిలబెట్టారు, జ్వరం దిగింది.

"ఈ పూట మూడింటికి మళ్ళీ పాలు మొదలు పెట్టమన్నారు," అంది వేదనాయకి, తడి జుట్టు ముడేసుకుంటూ. స్నానం కోసమని గంట క్రితం ఇంటికి వచ్చింది. "అత్త ఉండాది బిడ్డ దగ్గర. నేను మూడింటి లోపల పోవాల. అక్కా, సెల్వి అట్లాంటిది కాదు. నాకు తెలుసు. కానీ మామ వినడంలే."

మామ వాసుదేవన్ హాల్లోనే కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రిలో ఉన్నది ఆయన భార్య పంకజం. కట్లు కట్టే సర్జికల్ బట్ట నేయించి ఊళ్ళూళ్ళకు పంపే వ్యాపారం ఆయనది. మనవరాలి విషయం బయటికి పొక్కకూడదని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ. గొంతు సరిలేని పిల్ల అని ఊరంతా అనుకుంటే రేపు దాని గతేమిటని ఆయన భయం. బిడ్డ ఫోటో తీయకూడదు, వీడియో తీయకూడదు, వీధిలో ఎవరడిగినా జలుబు అని చెప్పాలి. ఇంత భయపడే మనిషి, తీరా ప్రాణం మీదికి వచ్చేసరికి పోలీసుల కంటే ముందు రాజ్‌మోహన్‌ను పిలిచాడు.

అతను అప్పుడే వాకిట్లో బైకు ఆపి లోపలికి వచ్చాడు.

రాజ్‌మోహన్ ఒకప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు సెక్యూరిటీ కంపెనీ నడుపుతూ, పనిలో పనిగా డిటెక్టివ్ పనులూ చూస్తాడు. నల్లకళ్ళద్దాలు ఇంట్లో కూడా నెత్తి మీదే ఉంటాయి. పోయినేడు ఒక నూలు దొంగతనం కేసులో వినోదిని ఇతని కంటే ముందు దొంగను పట్టుకుంది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏమ్మా వినోదిని, మదురైలో పని లేదా? పాలు కాచేదానికి ఇంత దూరం వచ్చినావు?"

"కాచేదానికి కాదన్నా, చూసేదానికి. మీరు చూసినట్టు లేదే అని."

"నేను చూసినా. బాగా చూసినా." రాజ్‌మోహన్ వంటింటి గట్టు మీద ఉన్న స్టీలు డబ్బాను వేలితో తట్టాడు. "పొద్దున ఈ పొడే వేసి, అదే పాలు, అదే కొలత, నా చేత్తో కలిపినా. గంజి మాదిరి చిక్కగా అయింది. అంటే పొడిలో తప్పు లేదు. పాలల్లో తప్పు లేదు. మిగిలింది ఎవరు? ఈ పిల్ల పొడి వేయనే లేదు. మరిచిపోయిందో, సోమరితనమో, అది స్టేషన్లో తేలుతుంది."

"కలిపి ఎంతసేపు చూసినారు?"

"ఎంతసేపు చూస్తారు? చిక్కబడింది, చూసినా, తొట్టిలో పోసినా. సినిమానా కూర్చొని చూసేదానికి?"

 ఆ మాట వినోదిని మనసులో ఎక్కడో తగులుకుంది గాని, అది ఎందుకు తగులుకుందో అప్పటికి ఆమెకే తెలియలేదు.

"సరి, దాన్ని విడిచిపెట్టు," అంటూ రాజ్‌మోహన్ జేబులోంచి ఒక ఫోన్ తీశాడు. పగిలిన అద్దానికి టేపు అంటించిన ఫోన్. సెల్విది. "తప్పు చేయని మనిషి ఫోన్ లాక్ నంబర్ చెప్పదా? పొద్దున నుంచి అడుగుతా ఉండాను. నోరు తెరవడంలే. ఎవరితో మాట్లాడినావు? ఎవరికి ఏమి పంపినావు? అడిగితే ఏడుపు."

"సెల్వీ, చెప్పేసెయ్," అంది వేదనాయకి.

సెల్వి తల దించుకుంది. "అది మాత్రం అడగొద్దక్కా. దీనికీ దానికీ సంబంధం లేదు."

"విన్నారా సార్?" అని రాజ్‌మోహన్ వాసుదేవన్ వైపు తిరిగాడు. ఆయన నిట్టూర్చి చెయ్యి ఊపాడు. ఇక మీ ఇష్టం అన్నట్టు.

"ఆస్పత్రికి పోయి డాక్టరమ్మ దగ్గర స్టేట్‌మెంట్ తీసుకుంటా. అట్నుంచి నేరుగా స్టేషన్. సాయంత్రం లోపల కంప్లెయింట్ పడిపోతుంది." ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని, వినోదిని వైపు చూసి నవ్వాడు. "అందాకా నువ్వు పాలు చూస్తా ఉండు."

బైకు చప్పుడు వీధి మలుపు తిరిగింది. సెల్వి గోడకు ఆనుకుని కూలబడింది. కంప్లెయింట్ పడిందంటే మళ్ళీ ఏ ఇంట్లోనూ ఆమెను పసిబిడ్డ దరిదాపులకు రానివ్వరు, కేసు నిలిచినా నిలవకపోయినా. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు.

వినోదిని జాలిపడుతూ కూర్చోలేదు. జాలితో కేసులు తేలవు. ఆమె వంటింట్లోకి నడిచింది.

నిన్న బిడ్డను ఎత్తుకుని పరుగెత్తిన కంగారులో సామాను ఎవరూ కడగలేదు. రాజ్‌మోహన్ చేసిన మంచి పని ఒకటుంటే, వాటి మీద పేపరు కప్పి ఎవరినీ ముట్టుకోనివ్వకపోవడం. కప్పాడే గాని, తను మాత్రం సరిగ్గా చూసినట్టు లేదు.

పేపరు తీసింది. ఆస్పత్రిలో డాక్టరు చూశాక వెనక్కి తెచ్చిన పాల సీసా, దాని పీక, నీళ్ళ గిన్నె, ఒక చెంచా.

ముందు పీకను వెలుతురుకు పట్టి చూసింది. రంధ్రం మామూలు పీకల్లా సూది మొనంత లేదు. అడ్డంగా, నిలువుగా కోసి పెద్దది చేసినట్టుంది.

"చిక్కటి పాలు చిన్న రంధ్రంలో రావక్కా," అంది వెనకే వచ్చిన సెల్వి. "అందుకని ఈ రకం పీక ఇచ్చినారు."

"అంటే ఇందులో పలచటి పాలు పోస్తే?"

"కొళాయి తిప్పినట్టు పడతాది." ఆ మాట అంటూనే సెల్వి కళ్ళు మూసుకుంది.

వినోదిని సీసా చూసింది. గోడలకు అంటిన పాలు సన్నటి మచ్చల్లా ఎండిపోయాయి. పలచటి పాలు ఎండితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. డాక్టరు మాట నిజం. తర్వాత చెంచా అందుకుంది. అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

చెంచా గుంటలో పాలు మందంగా పేరుకుని ఎండి ఉన్నాయి. గంజి ఎండి పెళుసుబారినట్టు. గోటితో గీకితే పెచ్చు లేచింది.

"ఇది నిన్నటి చెంచానే?"

"ఆమా, అదే. పొడి కలిపి, జారేది చూసి, గట్టు మీద పెట్టినా. మళ్ళీ ముట్టుకోలే."

"ఈ చెంచాతో కలిపిన పాలే సీసాలో పోసినావు. వేరే పాలు కాదు?"

"వేరే పాలు ఎక్కడివక్కా?"

చెంచా చిక్కన అంటోంది. సీసా పలచన అంటోంది. రెండూ ఒకేసారి కలిపిన పాలు. వినోదిని ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. ఇలాంటి చోట ఇలా సంతోషపడటం తప్పేనని ఆమెకు తెలుసు, ఆపుకోలేకపోయింది అంతే.

"సెల్వీ, పాలు కలిపినాక వెంటనే పట్టినావా?"

"లేదు. వెంటనే పట్టకూడదు. పొడి నానాల. గోరువెచ్చగా ఉండే నీళ్ళ గిన్నెలో సీసా పెట్టి పావుగంట ఉంచుతా. రోజూ అంతే."

"ఆ పావుగంట తర్వాత మళ్ళీ చూసినావా?"

 "లేదక్కా. ఎప్పుడూ నానితే ఇంకా చిక్కబడేదే గాని..."

"పలచబడదు. అందుకని చూడలే. నీ చోట ఎవరున్నా చూడరు." వినోదిని స్టీలు డబ్బా మూత తీసింది. తెల్లటి మెత్తటి పొడి. వేలికొసతో తీసి నాలుకకు రాసుకుంది. కాసేపు చప్పరించింది. అన్నం బాగా నమిలితే చివర్లో వచ్చే తీపి లాంటిది, చిన్నగా తగిలింది. "వేదా, డాక్టరమ్మ రాసిచ్చిన పొడిలో చక్కెర ఉండాదా?"

"లేదక్కా. ఒట్టి బియ్యమే. అట్లా చూసే తెచ్చినాము."

"మెడికల్ షాపులో రేకు డబ్బాలో ఇస్తారు కదా. ఇది స్టీలు డబ్బా."

"రేకులో తేమ పడుతుందని అత్త మార్చి పెడతాది. మొన్న రాత్రి పాలు పట్టినాక కొత్తది తెరిచి ఇందులో పోసింది."

"ఇంకొక కొత్తది ఉండాదా? తెరవనిది?"

అలమారలో ఉంది. వినోదిని రెండు గాజు గ్లాసులు అడిగింది. సెల్వి చేతే రెండింటిలోనూ పాలు కలిపించింది. ఒకదానిలో స్టీలు డబ్బాలోని పొడి. రెండోదానిలో అప్పుడే సీలు విప్పిన డబ్బాలోని పొడి. కొలత ఒకటే, వేడి ఒకటే. రెండూ చూస్తుండగానే చిక్కబడ్డాయి. చెంచా ఎత్తితే రెండూ బరువుగా జారాయి. పొద్దున రాజ్‌మోహన్ చూసింది ఇదే. చూసి తొట్టిలో పోసేశాడు.

"ఇప్పుడు ఏమి చేయాల?" అంది వేదనాయకి.

"ఏమీ చేయకూడదు. అదే అతను చేయని పని." రెండు గ్లాసులనూ గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో దించింది వినోదిని. "మీ అత్త ధాన్యం, పిండి ఎక్కడ ఎండబెడతాది?"

"మాడి మీద."

మేడ మీద ఎండ మండిపోతోంది. తీగ మీద చీరల మధ్య ఒక మూరెడు తెల్లటి బట్ట ఆరేసి ఉంది. వాసుదేవన్ నేయించే సర్జికల్ బట్టే, అల్లికలో సందులున్న రకం. వ్యాపారం చేసేవాళ్ళ ఇళ్ళలో ఆ బట్టకు వెయ్యి ఉపయోగాలు. కాఫీ వడకట్టేది అదే, పెరుగు కట్టేది అదే. వినోదిని దాని మడత విప్పింది. ఉతికినా పోని పిండి, కుట్టు దగ్గర తెల్లగా అంటుకుని ఉంది. ఆ పిండిలో సన్నటి పోగులు, ఎండిపోయిన తోకల్లాంటివి కొన్ని. ఒకటి వేలి మీదికి తీసుకుని చూసింది. దూది పోగు కాదు.

పక్కనే చాప మీద ఇంకో బట్ట పరిచి ఉంది. దాని మీద గోధుమలు. మంచి సంబా గోధుమలు, ఎర్రగా, పొడుగ్గా. ప్రతి గింజకూ తెల్లటి మొలక.

"ఇది అత్త చేసే సత్తుమావు పిండికి," అంది వేదనాయకి. "మొలకట్టించి, ఎండబెట్టి, వేయించకుండా తిరగలిలో విసిరి, ఈ బట్టలో జల్లిస్తాది. ఆమె చేతి పిండి అంటే వీధిలో అందరికీ ఇష్టం. మా ఆయన కూడా అదే తిని పెరిగినారంట. కానీ యువశ్రీకి ఇవ్వొద్దని డాక్టరమ్మ..."

ఆమె మాట అక్కడే ఆగిపోయింది.

"ఇవ్వొద్దు అన్నదా, ఎందుకు ఇవ్వకూడదో చెప్పిందా?"

"బియ్యప్పొడి తప్ప ఏదీ వద్దు అనింది. అంతే. అత్త రోజూ గొణుగుతా ఉండె. బిడ్డకు ఒట్టి గంజేనా, సత్తు ఎట్లా వస్తాదని."

వినోదిని మెట్లు రెండేసి చొప్పున దిగింది. వేదనాయకి వెనకే పరుగెత్తింది.

వంటింట్లో సెల్వి గ్లాసుల ముందు బొమ్మలా నిలబడి ఉంది. పావుగంట దాటింది. వినోదిని సీలు విప్పిన డబ్బాలోని పొడి కలిపిన గ్లాసులో చెంచా పెట్టి ఎత్తింది. చిక్కగా, బద్ధకంగా జారింది. స్టీలు డబ్బాలోని పొడి కలిపిన గ్లాసులో చెంచా పెట్టి ఎత్తింది. పాలు చెంచా అంచు మీద నుంచి నీళ్ళలా జలజలా కారిపోయాయి.

 వాసుదేవన్ కూడా గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తున్నాడు.

"మొలకెత్తే గింజకు పళ్ళు ఉండవు కదా," అంది వినోదిని. "లోపల గట్టిగా ఉండే పిండిని తనే కరిగించుకుని తాగుతాది. దానికి కావలసిన మందు మొలకలోనే పుడతాది. ఆ మొలక పిండి చెంచాడు తీసుకుని చిక్కటి గంజిలో వేసి చూడండి, కాసేపటికి గంజి నీళ్ళవుతాది. అందుకే సత్తుమావు బిడ్డలకు సుళువుగా అరుగుతాది. ఏ బిడ్డకైనా అది మంచిదే, సార్. ఈ ఒక్క బిడ్డకు తప్ప. కలిపినప్పుడు చిక్కగా ఉండాది, సెల్వి చూసింది నిజం. పావుగంటలో లోపలే కరిగిపోయింది, డాక్టరు చూసింది నిజం. చెంచాకు అంటింది గాలికి ఎండిపోయి, కరిగే వ్యవధి లేక అట్లే నిలిచిపోయింది."

వాసుదేవన్ గుమ్మం పట్టుకున్నాడు. "పంకజమా? పంకజం కలిపిందా? అది ఆ బిడ్డ మీద ప్రాణం పెట్టుకునుండాది!"

"అందుకే కలిపినారు సార్."

"అక్కా," అంది వేదనాయకి. ఆమె స్టీలు డబ్బా వైపు వేలు చూపింది. "అత్త ఆస్పత్రికి పోతా ఈ డబ్బాలో నుంచే పొడి తీసుకుపోయింది. మూడింటికి పట్టేదానికి."

అందరి కళ్ళూ గోడ గడియారం మీదికి పోయాయి. మూడుకు రెండు మూడు నిమిషాలు ఉంది. అంటే అక్కడ పాలు ఈపాటికే కలిపి, నానబెట్టి ఉంటారు.

వేదనాయకి ఫోన్ తీసి అత్తగారి నంబరు నొక్కింది. మరుక్షణం వంటింటి మూలలోనే పాట మోగింది. చార్జర్‌కు పెట్టి మరిచిపోయి వెళ్ళిన పంకజం ఫోన్. వాసుదేవన్ ఆస్పత్రి నంబరుకు చేశాడు. లైను ఖాళీ లేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఖాళీ లేదు.

"రాజ్‌మోహన్ అక్కడే ఉంటాడు!" అంది వినోదిని. అతని నంబరు నొక్కింది. ఒక్క రింగు పోయింది, కట్ చేశాడు. మళ్ళీ నొక్కింది. ఈసారి రింగు కూడా పోలేదు. ఆమె నంబరునే అడ్డుకున్నట్టున్నాడు. వాసుదేవన్ తన ఫోన్‌తో చేశాడు. రాజ్‌మోహన్ ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడని వినిపించింది.

ఇంత చిన్న ఊళ్ళో, ఇంత దగ్గరున్న ఆస్పత్రికి ఒక్క మాట చేరవేయలేకపోతున్నామే అని వినోదినికి కడుపు మండిపోయింది. ఆ మంటలోనే చటుక్కున గుర్తొచ్చింది.

"సెల్వీ, నీ నంబరు చెప్పు."

"నా ఫోన్ ఆయన జేబులో..."

"అందుకే. చెప్పు!"

సెల్వి చెప్పింది. వినోదిని నొక్కి, స్పీకర్‌లో పెట్టింది. రెండు రింగులు. అవతల ఎవరో ఎత్తారు గాని మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది. తోడుదొంగ ఎవరో దొంగకు ఫోన్ చేశారని ఆశపడి, ముందు వాళ్ళనే మాట్లాడనిద్దామని కాచుకున్న పోలీసు ఊపిరి అది.

"రాజ్‌మోహన్ అన్నా, వినోదినిని. పెట్టేయొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా, పెట్టేయొద్దు. పంకజమమ్మ ఎక్కడ?"

"ఇక్కడే, నా ఎదురుగా. ఏమిటి నీ గలాట్టా?"

"చేతిలో సీసా ఉండాదా?"

"ఉండాది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటా ఉండాది."

"లాక్కోండి. ఇప్పుడే. తర్వాత నన్ను తిట్టండి, ముందు లాక్కోండి!"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఒక ముసలి గొంతు కోపంగా ఏదో అంది. బిడ్డ సన్నగా ఏడ్చింది. వేదనాయకి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తీసుకున్నా," అన్నాడు రాజ్‌మోహన్.

"తలకిందులు చేయండి."

పాలు నేల మీద పడిన చప్పుడు వినపడింది. మళ్ళీ వచ్చిన గొంతులో పోలీసు లేడు. "నీళ్ళమ్మా. నీళ్ళ మాదిరి కారుతుంది. నర్సమ్మ కలిపినప్పుడు నేను పక్కనే ఉండాను. గంజి మాదిరి ఉండె. నా కంటితో చూసినా."

"పొద్దున కూడా చూసినారు."

 

వినోదిని ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, పంకజానికి ఇవ్వమంది. రెండు మాటల్లో సంగతి చెప్పింది. మెత్తగా చెప్పాలని చూసింది గాని, అలాంటి మాటను మెత్తగా చెప్పే పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు.

"రెండు పిడికిళ్ళే వేసినానమ్మా," అంది పంకజం. "డబ్బాకంతా రెండు పిడికిళ్ళు. బలం వస్తాదని. సన్నగా జల్లించినా, గొంతుకు తగలకుండా, నాలుగుసార్లు జల్లించినా." ఆగింది. "అంటే నిన్న... నా చేత్తోనా?"

వేదనాయకి ఫోన్ దగ్గరికి వంగింది. ఆమె ఏమంటుందోనని వినోదిని చూసింది. "అత్తా, బిడ్డను బాగా పట్టుకో. నేను వస్తా ఉండాను," అంది అంతే. అని కళ్ళు తుడుచుకుంది. వినోదినికి ఆ పిల్ల మీద చెప్పలేనంత గౌరవం కలిగింది.

చెప్పులు వేసుకోబోతున్న వేదనాయకిని ఫోన్‌లోంచి పంకజం గొంతు ఆపేసింది.

"అయ్యో, వేదా. అయ్యో. ఆ చోళపురం పిల్ల."

"ఎవరు అత్తా?"

"పక్క మంచంలో ఉండె కదా, సుగంధి. దాని బిడ్డకూ ఇదే చిక్కు. ఈ పొద్దున ఇంటికి పంపించినారు. పాపం, ఆ పిల్ల దగ్గర మంచి పిండి ఏముంటాదని... నేనే పొట్లం కట్టి ఇచ్చినా. పాలల్లో కలిపి పట్టమ్మా అని నేనే చెప్పినా."

 వాసుదేవన్ స్టూలు మీద కూర్చున్నాడు. బిడ్డ సంగతి ఎవరికీ తెలియకూడదని ఆయన కట్టుదిట్టం చేస్తే, ఆయన భార్యే జాలికొద్దీ పక్క మంచం దాకా వెళ్ళింది.

"చోళపురంలో ఎక్కడ? నంబరు ఉండాదా?" అని వినోదిని అరిచింది.

"నాకు తెలియదమ్మా."

"నా దగ్గర ఉండాది," అంది సెల్వి.

అందరూ ఆమె వైపు తిరిగారు. సెల్వి ముఖం పాలిపోయి ఉంది గాని గొంతు స్థిరంగా ఉంది. "ఆస్పత్రిలో పాలు కలిపేది నేర్పించేటప్పుడు పరిచయం. ఆ పిల్లకు ఎంత చెప్పినా కొలత కుదరలే. అందుకని రోజూ యువశ్రీకి కలిపేటప్పుడు వీడియో తీసి పంపుతా ఉండాను. బిడ్డను వీడియో తీయకూడదని పెద్దాయన చెప్పినారు. తెలిస్తే కేసు పెడతారని భయం వేసింది. అందుకే లాక్ చెప్పలే." ఫోన్ వైపు వంగి, పొద్దున నుంచి పళ్ళు బిగించి దాచిన నాలుగు అంకెలనూ ఒక్క గుక్కలో చెప్పేసింది. "రాజ్‌మోహన్ సార్, తెరవండి. పైనే ఉంటాది సుగంధి పేరు."

అవతల వేళ్ళు గాజు మీద తడబడిన చప్పుడు.  వీడియోలోంచి సెల్వి గొంతే చిన్నగా వినపడింది, "ఇట్లా జారాల సుగంధీ, చూసినావా, ఇట్లా" అని.

"సెల్వీ," అన్నాడు రాజ్‌మోహన్ నెమ్మదిగా. "ఇది నిన్న పొద్దుటి వీడియో. చెంచా..."

"దాన్ని తర్వాత చూడండి సార్! నంబరు చెప్పండి!"

అతను చదివాడు. వేదనాయకి తన ఫోన్‌లో నొక్కి సెల్వి చేతికి ఇచ్చింది. రింగు పోతోంది. ఒకటి, రెండు, మూడు. వినోదిని పొద్దున నుంచీ ఈ కేసులో ప్రతి ముడినీ ఇష్టంగా విప్పింది. ఇప్పుడు ఆ ఇష్టం ఎక్కడికి పోయిందో తెలియదు. ఫోన్ ఎత్తితే చాలు అనుకుంది, అంతే.

ఎత్తారు.

"ఎవరు?"

"సుగంధీ, నేను సెల్విని. ఆ అవ్వ ఇచ్చిన పిండి..."

"సెల్వక్కా! నీకు నూరేళ్ళు!" అవతలి గొంతు సంతోషంతో పొంగిపోతోంది. "ఒక్క నిమిషం ఆగక్కా, బిడ్డకు పాలు పడతా ఉండాను. అవ్వ పిండి వేసినా. ఎట్లా గటగటా తాగుతా ఉండాదో చూడక్కా, పుట్టినప్పటి నుంచి ఇంత తొందరగా ఎప్పుడూ తాగలే."

ఆ మాట వెనకే చిన్న దగ్గు వినిపించింది.